కావలి కుక్కకు కావలి ఎవరు?

మోపిదేవి పేరు చెప్పగానే తెలుగువారికి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుర్తుకు వస్తాడు. చుట్టలు చుట్టుకొన్న సర్పం మీద లింగరూపంలో వెలసిన ఆ స్వామికి మొక్కుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. పిల్లలకు చెవులు కుట్టిస్తారు; పుట్టువెంట్రుకలు తీయిస్తారు; పుట్టలో పాలు పోస్తారు. దివిసీమ రైతుకు పాము అంటే కథలోని ప్రాణి కాదు. పొలం గట్టు మీద, గడ్డివాము కింద, కోసిన వరి పనల మధ్య ఎదురయ్యే ప్రాణభయం అది. 2018 ఆగస్టులో ఈ ప్రాంతంలో పాముకాట్లు ఎక్కువైనప్పుడు ఇదే ఆలయంలో సర్పశాంతి యాగం జరిపించారు. కాటు వేసే ప్రాణికి కూడా పాలు పోసి నమస్కరించే నేల ఇది. అటువంటి నేల మీద, రాత్రంతా మేల్కొని మన గడపను కాచే ప్రాణికి ఒక్కొక్కప్పుడు గుక్కెడు నీళ్లు కరవవుతున్నాయి. ఇది ఎందువల్ల జరుగుతున్నది?

జాలి లేకపోవడం వల్ల అని తొందరపడి చెప్పవచ్చు. కాని ఆ సమాధానం అన్నిచోట్లా నిజం కాదు. పెంచినవానికి చేతకాని రోజు రావడం వల్ల, ఆ సంగతి నోరు విప్పి చెప్పుకోలేకపోవడం వల్ల, చూసినవారు అడగకుండా తప్పుకొని పోవడం వల్ల ఇది జరుగుతున్నదని నా అభిప్రాయం. అందుకే ఇటువంటి కుక్కను కాపాడటమంటే గొలుసు విప్పడం ఒక్కటే కాదు. గొలుసు రెండో కొసన ఉన్న మనిషిని కూడా చూడటం.

కొన్నేళ్ల కిందట మోపిదేవి ప్రాంతంలో నేను దగ్గరగా చూసిన ఒక సంగతి ఈ అభిప్రాయానికి మూలం.

ఆయన పెద్ద రైతు కాకపోయినా ఒకప్పుడు పాడీ పంటా గల ఇంటి యజమాని. భార్య గతించింది. కూతురు విదేశంలోను, కొడుకు హైదరాబాదులోను స్థిరపడ్డారు. తండ్రి ఒంటరిగా ఉంటున్నాడని కొడుకు ఒక సంక్రాంతి పండుగకు చిన్న కుక్కపిల్లను తెచ్చి ఇచ్చాడు. దానికి రాజు అని పేరు పెట్టుకున్నారు. ఆరేడేళ్లు ఆ ఇద్దరూ ఒకరికొకరు తోడుగా గడిపారు. ఉదయం పొలం దాకా ఆయన వెంట అది వెళ్లేది. రాత్రి వసారాలో ఆయన మంచం పక్కనే పడుకొనేది.

ఒకనాడు ఆయన బావి దగ్గర జారిపడి తుంటి ఎముక విరగగొట్టుకున్నారు. శస్త్రచికిత్స అయింది. కర్ర పట్టుకొని నాలుగు అడుగులు వేయడమే గగనమైంది. పొద్దున్న ఒకరు వచ్చి వంట చేసి పెట్టి వెళ్లేవారు. ఆ వండిన అన్నంలోనే కుక్కకు ఇంత. తిప్పడానికి మనిషి లేక రాజును పెరట్లో జామచెట్టుకు కట్టివేశారు. ఒక పూట కట్టిన గొలుసు ఒక వారమైంది. వారం నెలలయింది. మెడపట్టీ కింద పుండు పడింది. గజ్జి పట్టి వెంట్రుకలు రాలిపోయాయి. చెవుల నిండా పిడుదులు. సత్తు గిన్నెలో నీళ్లు ఎండిపోయి అడుగున నాచు కట్టింది. రాత్రిళ్లు అది ఏడుస్తూ ఉంటే ఇరుగుపొరుగువారికి నిద్ర కరవయింది. కుక్క ఏడిస్తే కీడు జరుగుతుందని కొందరు గొణిగారు. "ఒక రాత్రి వారధి దాటించి రేపల్లె వైపు వదిలేసి వస్తే పీడ పోతుంది" అని సలహా ఇచ్చినవారూ ఉన్నారు. దాని డొక్కలు అందరికీ కనిపించాయి. ఆయన అవస్థ ఎవరికీ కనిపించలేదు.

పక్కింట్లో ఇంటర్మీడియట్ చదివే అబ్బాయి ఉండేవాడు. ఒక మధ్యాహ్నం అతడు గేటు తీసుకొని లోపలికి వెళ్లాడు.

"తాతయ్యగారూ! రాజుకు కాసిని నీళ్లు పెట్టి వెళ్లనా?"

ఆయనకు కోపం వచ్చింది. "ఏం? నేను పెట్టలేదనుకున్నావా?"

"పెట్టే ఉంటారు తాతయ్యా! ఈ ఎండకు ఆవిరైపోయినట్లున్నాయి."

ఆ ఒక్క మాటతో ఆయన కోపం చల్లారింది. "పెట్టు నాయనా" అన్నారు. ఆ అబ్బాయికి నిజం తెలుసు. అయినా ఆయనను దోషిగా నిలబెట్టకుండా ఎండ మీదికి నెట్టాడు. మరునాడు కూడా వచ్చాడు. నీళ్లు మార్చాడు, గొలుసుకు మరో రెండు మూరల తాడు కలిపి నీడ అందేటట్లు చేశాడు. ఇంట్లో మిగిలిన మజ్జిగ అన్నం తెచ్చి పెట్టాడు. వారం గడిచాక ఆయనే అన్నారు: "నా వల్ల కావడం లేదురా అబ్బాయ్! దీన్ని చూస్తుంటే నా ప్రాణం ఉసూరుమంటున్నది. ఎవరికైనా ఇద్దామంటే ఏం చెప్పుకోను? కుక్కకు పిడికెడు తిండి పెట్టలేకపోయాడని నలుగురూ అనుకోరూ?"

సమస్య మూలం ఆ ప్రశ్నలోనే ఉంది. ఆయనకు రాజు మీద ప్రేమ తగ్గలేదు; ఓపిక తగ్గింది. ఓపిక తగ్గిందని ఒప్పుకోవడానికి అభిమానం అడ్డు వచ్చింది. ఆ అభిమానానికి మూల్యం చెల్లించినది మాత్రం నోరు లేని జీవి.

ఈ స్థితి ఒక్క ఇంటిది కాదు. కృష్ణా డెల్టా పల్లెలను చూడండి. కాలువలు ఉన్నాయి, పంటలు ఉన్నాయి, చదువులు ఉన్నాయి. ఆ చదువుల వల్లనే పిల్లలు హైదరాబాదుకు, బెంగళూరుకు, అమెరికాకు వెళ్లారు. పెద్ద ఇళ్లలో ఇద్దరు వృద్ధులు, కొన్నాళ్లకు ఒక్కరు మిగులుతున్నారు. పూర్వం ఇంటినిండా మనుషులు ఉండేవారు. ఒకరికి జ్వరం వస్తే మరొకరు పశువులకు కుడితి పెట్టేవారు. ఇంకొకరు కుక్కకు సద్దన్నం వేసేవారు. పైగా ఆనాటి ఊరకుక్కకు గొలుసు లేదు. పది ఇళ్ల గడపలు తొక్కి, పది ముద్దలు తిని, వీధి మొత్తానికి కాపలా కాసేది. అది ఎవరిదీ కాదు, అందరిదీ. నేడు ప్రహరీగోడలు లేచాయి, గేట్లు వచ్చాయి. కుక్క ఇంటిలోనికి వచ్చి ఒక్కరి సొత్తయింది. అందరి మీద ఆధారపడిన ప్రాణికి ఒకరు పెట్టకపోయినా గడుస్తుంది. ఒక్కరి మీదనే ఆధారపడిన ప్రాణికి ఆ ఒక్కరు పడిపోతే లోకమే పడిపోతుంది.

మనం మరువరాని మరొక సంగతి ఉంది. కుక్క సాధారణంగా పది, పదమూడేళ్లు బతుకుతుంది. డెబ్బై ఏళ్ల తండ్రికి కుక్కపిల్లను కానుకగా ఇచ్చే కొడుకు, ఎనభై దాటే వరకు సాగే బాధ్యతను ఆయన చేతిలో పెడుతున్నాడన్న మాట. ఏటా రేబిస్ టీకా, రోజూ తిండి, రెండు పూటలా తిప్పడం, ఒంటి శుభ్రత ఇవన్నీ ఆ బాధ్యతలోని భాగాలు. "నాన్నకు చేతకాని రోజున దీన్ని నేను చూసుకుంటాను" అని మాట ఇవ్వలేనివారు ఆ కానుక ఇవ్వకపోవడమే మేలు.

రైతులోకంలో పశువుల విషయమై ఒక మంచి పద్ధతి ఉండేది. తాను మేపలేని పడ్డను రైతు మరొకరి ఇంట పెంపకానికి ఇచ్చేవాడు. అది ఈనిన తరువాత ఇద్దరూ ఫలితాన్ని పంచుకునేవారు. దీనిని ఎవరూ తలవంపుగా భావించలేదు. "మేత లేదు, మనిషి లేడు, అందుకే ఇచ్చాను" అంటే అందరూ తల ఊపేవారు. మరి కుక్క విషయంలో ఆ మాట అనడానికి ఎందుకింత సంకోచం? పడ్డకు వెల ఉంది. కుక్కకు సంతలో వెల లేదు. వెల లేనిదాన్ని ఎవరు పుచ్చుకుంటారన్న నిరాశతో అడగడమే మానివేస్తున్నాము. అడిగి చూస్తే కదా కాదనేవారెవరో, ఔననేవారెవరో తెలిసేది!

ఇక చట్టం ఏమంటున్నదో చూద్దాం. నృత్యకళకు కలాక్షేత్రం ద్వారా ఎనలేని సేవ చేసిన రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభ సభ్యురాలిగా మూగజీవుల రక్షణ కోసం సొంతంగా ఒక బిల్లు తెచ్చారు. ఆ కృషి ఫలితంగా 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. 1962లో ఏర్పడిన భారత జంతు సంక్షేమ మండలికి ఆమే తొలి అధ్యక్షురాలు. మరీ పొట్టిగా గాని, మరీ బరువుగా గాని ఉన్న గొలుసుతో జంతువును అకారణంగా చాలాసేపు కట్టివేయడం ఈ చట్టం ప్రకారం నేరం. నిత్యం కట్టివేసి ఉంచే కుక్కను తగినంతగా తిప్పకపోవడం, చాలినంత తిండి, నీరు, నీడ కల్పించకపోవడం కూడా నేరాలే. ఆకలిదప్పులతో బాధపడుతుందని తెలిసీ తగిన కారణం లేకుండా జంతువును వదిలివేయడం మరొక నేరం. 1976లో జరిగిన 42వ సవరణ ద్వారా, జీవుల పట్ల దయ కలిగి ఉండటం పౌరుల ప్రాథమిక విధులలో చేరింది.

చట్టం మంచిదే. అయితే దాని బలం ఎంత? తొలి నేరానికి ఆ చట్టం నిర్ణయించిన జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. కావాలని హింసించే క్రూరునికి అది చీమకుట్టినట్లయినా ఉండదు. దానిని పెంచవలసిందే. కాని తుంటి విరిగి మంచాన పడిన మనిషి మీద ఎంత పెద్ద జరిమానా వేస్తే మాత్రం కుక్క గిన్నెలోకి నీళ్లు వస్తాయా? క్రూరుడు వేరు, అశక్తుడు వేరు. ఇద్దరి పెరట్లోనూ కుక్క డొక్కలు ఒకేలా కనిపించవచ్చు. గేటు తీసి, మంచి మాటతో పలకరించినవానికే ఆ తేడా తెలుస్తుంది. పలకరింపు ముందు, ఫిర్యాదు తరువాత ఉండాలి. పలకరింపుతో మారని క్రూరుని విషయంలో ఫిర్యాదుకు వెనుకాడకూడదు.

"మనుషులకే దిక్కు లేని రోజుల్లో కుక్కల గోల ఎందుకు?" అని కొందరు అడుగుతారు. ఈ ప్రశ్నను తేలికగా తీసివేయకూడదు. ఆకలితో ఉన్న మనిషిని దాటి వెళ్లి కుక్కకు బిస్కట్లు పెట్టమని ఎవరూ చెప్పరు. కాని నేను చెప్పిన సంగతిలో మనిషి దిక్కులేనితనమూ, కుక్క దిక్కులేనితనమూ వేరువేరు కావు. ఆ వృద్ధుడు తన కష్టాన్ని ఎవరికీ చెప్పుకోలేదు. రాజు అరుపులే ఆయన కష్టాన్ని ఊరికి చెప్పాయి. పెంపుడు కుక్క ఒక్కసారిగా చిక్కిపోయిందంటే, ఆ ఇంట్లో ఎవరో మంచం పట్టి ఉండవచ్చు. రాబడి ఆగిపోయి ఉండవచ్చు. మనసు కుంగిపోయి ఉండవచ్చు. కుక్క కోసం గేటు తీసినవాడు మనిషిని చేరుకుంటాడు. అందువల్ల ఇక్కడ మనిషా, కుక్కా అన్న పోటీయే లేదు.

"అయితే గొలుసు విప్పి వదిలేస్తే సరిపోదా? దాని తిండి అదే వెతుక్కుంటుంది" అని మరికొందరు అంటారు. ఇది చూడటానికి దయలా ఉంటుంది కాని దయ కాదు. ఇంట్లో పెరిగిన కుక్కకు వీధి తెలియదు. వీధిలోని కుక్కలకు హద్దులు ఉంటాయి. కొత్తదాన్ని అవి రానివ్వవు. లారీలు పరుగులు తీసే కరకట్ట రోడ్డు మీద దానికి దారి తెలియదు. ఆకలితోను, భయంతోను ఉన్న కుక్క ఎవరినైనా కరవవచ్చు. టీకా లేని కుక్కకు రేబిస్ సోకితే అది దానితో పోదు. ఆ వ్యాధి లక్షణాలు బయటపడిన తరువాత మనిషిని బతికించడం దాదాపు అసాధ్యం. 1885లో లూయీ పాశ్చర్ కనిపెట్టిన టీకా మార్గమే నేటికీ మనకు శరణ్యం. 2025లో వీధికుక్కల సమస్య సుప్రీంకోర్టు దాకా వెళ్లి దేశమంతటా వాదప్రతివాదాలకు కారణమైంది. కుక్కకాటుకు గురైన పసిపిల్లల తల్లిదండ్రుల బాధ న్యాయమైనదే. మూగజీవుల పట్ల కరుణ చూపేవారి వాదంలోనూ న్యాయం ఉంది. కాని వీధిలో కనిపించే కుక్కలలో కొన్ని ఒకనాడు ఎవరో ముద్దుగా పెంచుకొని, బరువనిపించగానే వదిలివేసినవేనన్న సంగతి ఈ వాదాల మధ్య మరుగున పడుతున్నది. ఇంట్లో తీర్చుకోవలసిన బాధ్యతను వీధిలోకి విసరడం పరిష్కారం కాదు.

మూడో మార్గం ఒకటి ఉంది. ఉత్సాహవంతులైన యువకులు రాత్రివేళ గోడ దూకి కుక్కను ఎత్తుకొని పోవడం. వారి ఆవేశం అర్థం చేసుకోదగినదే. కాని అది ప్రాణాన్ని కాపాడి మనిషిని గాయపరిచే పని. తెల్లవారి లేచి ఖాళీ గొలుసును చూసిన వృద్ధుని మనసు ఏమవుతుంది? అందునా అటువంటి పని చట్టం దృష్టిలో దొంగతనం కాగలదు. నిజంగా ప్రాణాపాయం ఉంటే పశువైద్యుణ్ణీ, అధికారులనూ వెంటబెట్టుకొని పగటిపూట ముందు గుమ్మం నుంచే వెళ్లాలి.

మరి చేయదగినది ఏమిటి? మొదటి మెట్టు, కుక్కను ఉన్నచోటనే ఉంచి సాయపడటం. వీధిలోని ఇద్దరు విద్యార్థులు వంతులు వేసుకొని ఉదయం ఒకరు, సాయంత్రం ఒకరు తిప్పితే చాలా ఇళ్లలో సమస్య అక్కడే తీరిపోతుంది. యజమాని జబ్బు నెల రోజులలో నయమయ్యేదైతే కుక్కను ఇల్లు మార్చవలసిన పనే లేదు. రెండో మెట్టు, వైద్యం. మండల కేంద్రాలలో పశువైద్యశాలలు ఉన్నాయి. గన్నవరంలో ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల ఉంది. రాష్ట్రంలో 2022లో సంచార పశువైద్య వాహనాలు ప్రారంభమయ్యాయి. వాటి కోసం 1962 అనే ఫోను సంఖ్య ఏర్పడింది. గజ్జి, పిడుదులు, మెడపుండు ఇవన్నీ మందులతో నయమయ్యేవే. వాటిని చూసి కుక్కను అసహ్యించుకోవడం మన అజ్ఞానం.

మూడో మెట్టు, యజమానికి ఇక ఎప్పటికీ చేతకాదని తేలినప్పుడు, కొత్త ఇల్లు వెతకడం. జంతువులకు ఆశ్రయమిచ్చే సంస్థలు మన తెలుగునాట లేకపోలేదు. 1992లో హైదరాబాదులో అక్కినేని అమల చొరవతో బ్లూ క్రాస్ ఏర్పడింది. 1996లో విశాఖపట్నంలో జంతు సంరక్షణ సంస్థ ఒకటి ప్రారంభమైంది. వారి సేవ కొనియాడదగినది. కాని మోపిదేవి నుంచి ఆ ఊళ్లు ఎంత దూరం! ప్రతి ఊరి భారాన్నీ మోయడం ఏ సంస్థకు మాత్రం సాధ్యం? తన ఊరిలోనే మరొక ఇల్లు దొరకడం కుక్కకు అన్నింటికంటె మేలు. చల్లపల్లిలో 2014లో కొద్దిమంది వైద్యుల, పౌరుల పూనికతో స్వచ్ఛ చల్లపల్లి ఉద్యమం మొదలైంది. తెల్లవారుజామున చీపుళ్లు పట్టుకొని వీధులలోకి వచ్చిన ఆ కార్యకర్తలు, ఎవరో వచ్చి చేయాలని ఎదురుచూడకుండా ఊరివారే పూనుకుంటే ఏమి చేయగలరో చూపించారు. వీధిని ఊడ్చడానికి చేతులు కలిసినప్పుడు, అదే వీధిలోని ఒక మూగజీవికి ఇల్లు వెతకడానికి కలవవా?

ఇల్లు మార్చేటప్పుడు కొన్ని జాగ్రత్తలు అవసరం. టీకా వేయించి ఇవ్వాలి. కుక్క గుణదోషాలను దాచకుండా చెప్పాలి. పిల్లలను చూసి బెదిరేదైతే ఆ మాట ముందే చెప్పాలి. దాని పాత గిన్నె, అది పడుకొనే గోనె వెంట పంపాలి. వాసనను బట్టి లోకాన్ని గుర్తించే ప్రాణికి అవే ధైర్యం. అన్నింటికంటె ముఖ్యంగా, పాత యజమాని తన నోటితో "తీసుకొని వెళ్లండి" అనాలి. చూడాలనిపించినప్పుడు వచ్చి చూసే హక్కు ఆయనకు ఉండాలి.

రాజు విషయంలో జరిగింది ఇదే. ఆ అబ్బాయి తండ్రి పశువైద్యునితో మాట్లాడారు. నెలన్నర వైద్యంతో వెంట్రుకలు మళ్లీ మొలిచాయి. లంకలో అరటితోట సాగుచేసే దూరపు బంధువు ఒకాయన దానిని తీసుకొనివెళ్లడానికి ఒప్పుకున్నారు. వెళ్లిన రెండు రోజులూ అది ముద్ద ముట్టలేదు. మూడోనాడు ఆ వృద్ధుడు కర్ర పట్టుకొని ఆటోలో లంకకు వెళ్లారు. మంచం మీద కూర్చొని మజ్జిగ అన్నం కలిపి తన చేతితో తినిపించారు. సగం తిన్న తరువాత గిన్నెను ఆ ఇంటి ఇల్లాలి చేతికి ఇచ్చి, "మిగతాది నువ్వు పెట్టమ్మా" అన్నారు. కొద్దిసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, రాజు ఆమె చేతిలోని ముద్ద అందుకున్నది. తిరిగి వస్తూ దారిలో ఆయన అన్న మాట నేను మరువలేను: "వదిలించుకోలేదురా అబ్బాయ్! అప్పగించాను."

వదిలించుకోవడానికీ, అప్పగించడానికీ మధ్య ఉన్న దూరమే ఈ వ్యాసమంతా చెప్పదలచుకొన్నది. వదిలించుకొనేవాడు చీకట్లో వెళతాడు, వెనుదిరిగి చూడడు. అప్పగించేవాడు పగటివేళ వెళ్లి, తన బాధ్యతను మరొక చేతిలో పెట్టి, ఆ చేయి దానిని పట్టుకొన్నదాకా నిలబడతాడు.

దివిసీమకు కట్టుతాడు అంటే ఏమిటో కొత్తగా చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19న ఉప్పెన ఈ సీమను ముంచెత్తినప్పుడు వేలాది మనుషులతోపాటు లెక్కకు మించిన పశువులు ప్రాణాలు కోల్పోయాయి. పలుపు విప్పే వ్యవధి లేక రాటలకు కట్టి ఉన్నచోటనే మునిగిపోయిన పశువుల సంగతి తలచుకొంటే నేటికీ గుండె బరువెక్కుతుంది. తుపాను హెచ్చరిక రాగానే పశువుల కట్లు విప్పివేయాలన్న జాగ్రత్త వెనుక ఇటువంటి అనుభవాలున్నాయి. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి పదకొండు లక్షల క్యూసెక్కులకు పైగా వరదనీరు దిగువకు వచ్చి లంకలను ముంచినప్పుడు కూడా అదే జాగ్రత్త అవసరమయింది. ఉప్పెన ఒక్క రాత్రిలో చేసే పనిని ముసలితనమూ, రోగమూ, ఒంటరితనమూ నెలల తరబడి మెల్లగా చేస్తాయి. ఆ వరద వస్తున్నట్లు ముందే తెలుసుకొని, కట్టు విప్పి, గట్టుకు చేర్చడమే ఇక్కడ కూడా చేయవలసిన పని.

మన భారతకథకు ఆదిలోను, అంతంలోను శునకం ఉండటం గమనించదగినది. నన్నయ ఆదిపర్వంలో సరమ అనే దేవశుని కథ వస్తుంది. ఏ తప్పూ చేయని తన బిడ్డను జనమేజయుని తమ్ముళ్లు కొట్టారని ఆ తల్లి వచ్చి రాజునే నిలదీస్తుంది. దుర్బలుల పట్ల అవివేకంతో చేసిన అపకారం ఊహించని ఆపదలను తెస్తుందని హెచ్చరిస్తుంది. ఇక చివర, మహాప్రస్థానంలో ధర్మరాజును అనుసరించి వచ్చిన శునకాన్ని విడిచి రథం ఎక్కమంటాడు ఇంద్రుడు. నమ్మి వచ్చినదాన్ని విడిచి వచ్చే స్వర్గం తనకు అక్కరలేదంటాడు ధర్మరాజు. ఆదిలో శునకం న్యాయం అడిగింది. అంతంలో ధర్మమే శునకరూపంలో వెంట నడిచింది.

అయితే ధర్మరాజుకు నడిచే ఓపిక ఉంది. అది లేనివాని ధర్మం ఏమిటి? తన చేతులు వణకక ముందే, "నా వల్ల కావడం లేదు, ఎవరైనా అందుకోండి" అని చెప్పడం అతని ధర్మం. ఆ మాట విన్నవారు ఎగతాళి చేయకుండా చేయి చాపడం వారి ధర్మం. చెప్పుకోలేనివాని గేటు ముందు ఆగి, "కాసిని నీళ్లు పెట్టి వెళ్లనా?" అని అడగడం చదువుకొన్న మీ ధర్మం.

పదిహేను వేల ఏళ్లకు పూర్వమే కుక్క మనిషి మంట దగ్గరకు వచ్చి కూర్చున్నది. నాటి నుంచి మన మంద, ఇల్లు, పంట కాచింది. "కుక్క బతుకు", "కుక్క చావు" అంటూ మనం దాని పేరుతో తిట్లు కట్టుకున్నాం గాని అది మన మీద నమ్మకం విడువలేదు. మీ వీధిలోనూ ఏ జామచెట్టు కిందనో ఒక గొలుసు ఉండవచ్చు. కాలేజీకి వెళ్లే దారిలో ఒకసారి ఆగి చూడండి. గిన్నెలో నీళ్లు ఉన్నాయో లేదో చూడండి. తరువాత తలెత్తి, ఆ ఇంటి తలుపు వైపు కూడా చూడండి.